అల్తాగ్రాసియా గోడ మీద నాలుగో ఫోటో

అల్తాగ్రాసియా ఇంట్లో మరియమ్మ పటం మెట్ల పక్కన ఉంటుంది. వీధి తలుపు తీయగానే ఎదురుగా కనిపించే హాలు గోడ మాత్రం పూర్తిగా పట్టభద్రులది. అక్కడికి దేవుళ్ళకు కూడా ప్రవేశం లేదు. ఒక ఫోటో కొడుకు రఫాయెల్‌ది, ఇంజనీరు. రెండోది ఆవిడే పెంచి పెద్దచేసిన మేనకోడలు కరొలీనాది, మాంట్రియల్‌లో టీచరు. ఇద్దరిదీ ఒకటే వేషం: కాళ్ళదాకా నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ, చేతిలో రిబ్బను కట్టిన కాగితం చుట్ట, వెనకాల పుస్తకాల బీరువా బొమ్మ వేసిన తెర. వాటి పక్కన ఒక మేకు ఖాళీగా ఉండేది. అది నర్సింగ్ చదువుతున్న చిన్న కూతురు యొహన్నా కోసం. ఆ పిల్ల ఇంకా హైస్కూల్లో ఉండగానే కొట్టి ఉంచిన మేకు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. గేటు పక్కన పాలరాతి పలక పెట్టించి, పేరు తర్వాత ఎం.ఏ., బి.ఇడి. అని చెక్కించుకునే జాతి మనది. శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు కన్నా అతని డిగ్రీలకే ఎక్కువ చోటు పడుతుంది. డొమినికన్ దేశంలో మోకా అనే ఊళ్ళో ఆరో తరగతితో బడి మానేసి తమ్ముళ్ళను పెంచి, కెనడా వచ్చి ఆఫీసులు తుడిచి పిల్లల్ని చదివించిన మనిషి తన గోడను తను అలంకరించుకుంటే, వంక పెట్టే హక్కు మనకు బొత్తిగా లేదు.

కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో, పై అంతస్తులో వెనకవైపు గదిలో అద్దెకుండేది సూర్యకుమారి.

సూర్యకుమారిది తెనాలి. అక్కడ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే క్లాసులన్నీ సద్దుమణిగేవి. భర్త అనంత్ అమెరికాలో ప్రాజెక్టుల వెంట తిరిగి తిరిగి, అక్కడి వీసా ఎటూ తేలక కెనడాలో స్థిరపడే పీఆర్ తెచ్చుకుని, కిచెనర్‌లో ఉద్యోగం చూసుకుని భార్యను పిలిపించుకున్నాడు. పిల్లలు లేరు. ఇన్నేళ్ళకు ఒక ఇంట్లో ఇద్దరం ఉంటున్నాం కదా అని ఆవిడ మురిసిపోతుండగానే, ఒక ఆదివారం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. లోను తీర్చడానికి ఇల్లు అమ్మేసింది. ఇండియా వచ్చెయ్యమని బంధువులంతా ఫోన్లో చెప్పారు. వచ్చి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ పాఠాలు చెప్పుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ సంగతి అనంత్ అందరికన్నా ముందే ఆలోచించాడు. భార్య ఎమ్మెస్సీ పట్టా సముద్రాలు దాటి రావాలి, తడిసినా చిరిగినా కష్టమని, తెనాలిలో ఒక షాపుకు తీసుకెళ్ళి దగ్గరుండి లామినేషన్ చేయించాడు. మందపాటిది, నాణ్యమైనది. మన ఊళ్ళలో విలువైన కాగితానికి చేసే అత్యున్నత సన్మానం అదే. తీరా ధ్రువీకరణకు పంపబోతే, ప్లాస్టిక్ మీద ముద్ర వేయడం కుదరదన్నారు. ప్లాస్టిక్ ఊడదీయబోతే అక్షరాలు కూడా దానితోపాటే లేచి వచ్చేలా ఉన్నాయి. డూప్లికేట్ కావాలని యూనివర్సిటీకి రాస్తే, అసలుది పోయిందని పోలీసుల దగ్గర కాగితం తెమ్మన్నారు. పోలేదు, మా దగ్గరే ఉందని వీళ్ళు. ఉంటే డూప్లికేట్ ఎందుకని వాళ్ళు. ఆ వాదన తెగకముందే మనిషి పోయాడు. అంత ప్రేమగా చేయించిన పనిని తప్పని అనడానికి ఆవిడకు నోరు రాలేదు. పట్టాను చీరల అడుగున పెట్టేసి, సూపర్‌మార్కెట్ బేకరీలో రొట్టెలు ప్యాక్ చేసే పనికి కుదిరింది. అక్కడ పేరు పొడవైందని బ్యాడ్జీ మీద ‘సూర్య’ అని మాత్రమే వేశారు. కొత్తగా చేరిన ఇండియావాళ్ళు మగమనిషి అనుకుని వెతుక్కునేవారు.

అద్దె గది చూడ్డానికి వెళ్ళిన రోజున అల్తాగ్రాసియా తిండి అలవాట్లు అడగలేదు, రాత్రి ఎన్నింటికి వస్తావని అడగలేదు. ఏం చదువుకున్నారని అడిగింది. సూర్యకుమారి చెప్పింది. అంతే, ఆ క్షణం నుంచి ఆవిడ ‘ప్రొఫెసోరా’. వాళ్ళ దేశంలో చదువుకున్న మనిషిని ఉత్త పేరు పెట్టి పిలవడం చిన్నతనమట. ఆవిడ కన్న కొడుకుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా ముందు ‘ఇంజనీరు’ అని పిలిచి, తర్వాతే కూర ఏం వండావని అడుగుతుంది. లెక్చరరు వేరు, ప్రొఫెసరు వేరు, నేనింకా అంత పెద్ద హోదాకు వెళ్ళలేదని సూర్యకుమారి తనకున్న నిజాయతీ కొద్దీ వివరించబోయింది. పిల్లలకు పాఠం చెప్పారా లేదా అని అడిగింది అల్తాగ్రాసియా. చెప్పాను. మరైతే ప్రొఫెసోరాయే.

అలా ఆ ఇంట్లో సూర్యకుమారికి పోయిన ఉద్యోగం రోజూ సాయంత్రం ఒకసారి తిరిగి వచ్చేది. బేకరీ నుంచి ట్రామ్ దిగి, మంచులో పది నిమిషాలు నడిచి తలుపు తీసేసరికి వంటింట్లోంచి ఆ పిలుపు వినిపించేది. ఇద్దరూ మాట్లాడే ఇంగ్లీషు అంతంతమాత్రం, అందులోనూ ఒకరిది ఒకలా, ఇంకొకరిది ఇంకోలా. అయినా అన్నం, రాజ్మా కూర వండుకునే విషయంలో ఇద్దరికీ పేచీ రాలేదు. మెట్లెక్కి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక మాత్రం సూర్యకుమారి పక్కన ఎవరూ ఉండరు. ఫోన్లో మోగేది వాతావరణం హెచ్చరిక ఒక్కటే.

ఒకరోజు అల్తాగ్రాసియా, మీ పట్టాల ఫోటో ఒకసారి చూపించమంది. అటువంటిది లేదని చెబితే నమ్మలేదు. మా దగ్గర చాలామంది స్నాతకోత్సవానికి వెళ్ళరు, డబ్బు కడితే పట్టా పోస్టులో ఇంటికే వస్తుంది, నాదీ అలాగే వచ్చింది, అప్పటికి నాకు పెళ్ళయి ఉద్యోగం కూడా వచ్చేసిందని సూర్యకుమారి చెప్పింది. ఆ రోజుల్లోని ఫోటో అంటూ ఉన్నది పరీక్ష హాల్‌టికెట్ మీదది. రెండు జడలు, నుదుటి మీద సగం దాకా కాలేజీ ముద్ర, దొంగను పట్టుకొచ్చి తీసినట్టుంది. అది చూసి అల్తాగ్రాసియా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

“అంత చదువు చదివితే మీ అమ్మానాన్నా ఎవరికీ చూపించుకోలేదా?”

“మార్కుల లిస్టు చూపించారు” అంది సూర్యకుమారి. అది జవాబు కాదని ఆవిడకూ తెలుసు.

ఏప్రిల్‌లో ఒక కబురు వచ్చింది. యొహన్నాకు విమానంలో నాలుగు గంటల దూరంలోని కాల్గరీలో ఆసుపత్రి ఉద్యోగం ఖాయమైంది. రఫాయెల్ ఎలాగూ అక్కడే చమురు కంపెనీలో ఉన్నాడు. పిల్లలిద్దరూ ఒక ఊళ్ళో ఉంటే తనొక్కతే ఇక్కడ దేనికని, ఇల్లు అమ్మేసి ఆగస్టులో వెళ్ళిపోదామని అల్తాగ్రాసియా నిర్ణయించుకుంది. చాలా మంచి మాట చెప్పారని సూర్యకుమారి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పైకి వెళ్ళి కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. గది గురించి కాదు ఆవిడ బెంగ. గదులు దొరుకుతాయి. ఈ ఊళ్ళో, ఈ దేశంలో, తను ఎవరో తెలిసి ఆ పేరుతో పిలిచే గొంతు ఒక్కటే ఉంది. అది వెళ్ళిపోతోంది.

మనవాళ్ళు లేరా అంటే, ఎందుకు లేరు, బోలెడుమంది. ఆ నెలలోనే తెలుగు సంఘం వాళ్ళ ఉగాది సభకు వెళ్ళింది. వేదిక మీద మంచి యూనివర్సిటీల్లో సీట్లు వచ్చిన పిల్లలకు శాలువాలు కప్పుతున్నారు. సూర్యకుమారి ప్రతి పిల్లకూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది. భోజనాల దగ్గర మధుమిత అనే అమ్మాయి పక్కన కూర్చుని ఎంతో మర్యాదగా పలకరించింది.

“పిల్లలేం చేస్తున్నారాంటీ? వాటర్లూ యూనివర్సిటీలోనేనా?”

“పిల్లలు లేరమ్మా.”

“అయ్యో, సారీ ఆంటీ. మరి మీరు వర్క్ చేస్తున్నారా?”

బేకరీ అని చెప్పింది. మధుమిత చెడ్డపిల్లేం కాదు. ఫ్రెష్‌గా ఉంటాయి కదాంటీ అక్కడి బ్రెడ్లు, అని ఒక ముక్క కలిపింది. ఆ తర్వాత ఏం అడగాలో తోచక, పెరుగన్నం అవగొట్టి, కొడుకు మ్యాథ్స్ కాంపిటీషన్ గురించి అవతలివాళ్ళతో మాటల్లో పడింది. నేను కెమిస్ట్రీ చెప్పేదాన్నమ్మా అని సూర్యకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. అడగకుండా చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని మింగేసింది. ఆవిడకు అదొక రోగం, ఎవరైనా అడిగితే తప్ప చెప్పదు. అడిగేవాళ్ళెవరు?

జూన్‌లో యొహన్నా పట్టాల పండగ వచ్చింది. ఒక్కొక్కరికి ఇచ్చే టిక్కెట్లు నాలుగే. వస్తామన్న చుట్టాలేమో ఒక వ్యాన్ నిండా ఉన్నారు. అల్తాగ్రాసియా తనకు, రఫాయెల్‌కు, కరొలీనాకు పోగా మిగిలిన టిక్కెట్టును సొంత తమ్ముడికి కూడా ఇవ్వకుండా సూర్యకుమారి చేతిలో పెట్టింది. ఇంట్లోనే ఒక ప్రొఫెసోరా ఉండగా ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి వెళితే జనం ఏమనుకుంటారని ఆవిడ వాదన. ఆ తమ్ముడు కూడా న్యాయమేనని ఒప్పుకుని, మిగతా వాళ్ళతో కలిసి బయట పచ్చికలో బెలూన్లు పట్టుకుని కూర్చున్నాడు.

సూర్యకుమారి అనంత్ కొన్న గంధం రంగు పట్టుచీర కట్టుకుంది. హాల్లో యొహన్నా పేరు పిలవగానే ఈ ముగ్గురూ చేసిన గోలకు ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగారు. అల్తాగ్రాసియా ఏడుస్తూనే అరిచింది, అరుస్తూనే ఏడ్చింది. తెనాలి కాలేజీలో అయితే సూర్యకుమారి ఇలాంటి వాళ్ళను పేరు అడిగి మరీ నిలబెట్టేది. ఇక్కడ మాత్రం ఆవిడ చప్పట్లు కూడా సరిగా కొట్టలేకపోయింది. తన పేరు ఏ మైకులోనూ ఎవరూ పిలవలేదని అన్నేళ్ళ తర్వాత మొదటిసారి బాధ కలిగింది. అప్పుడు పిలిచే ఉంటారు. గైర్హాజరైన వాళ్ళ పేర్లు ఒక వరసలో చదివేసి ఉంటారు. వినడానికి తను లేదు.

బయటికి వచ్చాక ఫోటోల దగ్గర బారు. యూనివర్సిటీ వాళ్ళు పెట్టించిన తెర, దాని మీద పుస్తకాల బీరువా బొమ్మ. అల్తాగ్రాసియా ఈ ఫోటో కోసమే ఇన్నేళ్ళు పని చేసిందంటే అతిశయోక్తి కాదు. యొహన్నాది అయింది. గౌను తిరిగి ఇచ్చే వేళ దగ్గరపడింది. అప్పుడు ఆవిడ కూతురి వీపు మీది గౌను విప్పి, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని తెచ్చి సూర్యకుమారి భుజాల మీద వేసింది.

సూర్యకుమారి గాభరాపడింది. ఇది నాది కాదు, నా యూనివర్సిటీ కాదు, దీని పట్టీ నర్సింగ్ వాళ్ళ రంగు, ఎవరైనా చూస్తే బాగుండదు అని వరసగా అభ్యంతరాలు చెప్పింది. పరీక్షల్లో పిల్లల దగ్గర చీటీలు పట్టుకున్న చేతులవి, ఇంకొకరి గౌనులోకి తేలిగ్గా దూరవు.

“మీరు చదివారా?” అంది అల్తాగ్రాసియా.

“చదివాను.”

“పాసయ్యారా?”

“ఫస్ట్ క్లాసు.”

“మరి ఎవరికి భయం? నా ఇంట్లో చదువుకున్న మనిషికి ఫోటో లేకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళలేను ప్రొఫెసోరా. మా అమ్మ తిడుతుంది.” ఆవిడ అమ్మ పోయి చాలా కాలమైంది.

యొహన్నా టోపీ సరిచేసింది. ముడి అడ్డం వస్తుంటే రఫాయెల్ పిన్నులు పట్టుకుని నిలబడ్డాడు. ఫోటోగ్రాఫరు తలెత్తకుండా, ఏ సంవత్సరం పట్టభద్రులని అడిగాడు. సూర్యకుమారి గొంతు సవరించుకుని, వెయ్యి తొమ్మిది వందల తొంభై ఒకటి అని చెప్పింది. అతను నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. గడ్డం కొంచెం పైకెత్తండి అన్నాడు. చేతిలో పెట్టిన కాగితం చుట్ట తెల్లకాగితమని బరువును బట్టి తెలుస్తూనే ఉంది. అయినా గట్టిగా పట్టుకుంది. గౌను కింద రెండంగుళాల గంధం రంగు అంచు కనబడుతోంది. అనంత్ ఉంటే ఇప్పుడు కెమెరా పక్కన నిలబడి తల ఎటు తిప్పాలో చెప్పి విసిగించేవాడనిపించింది. ఫోటోలో ఆ చిరునవ్వు అందుకని వచ్చింది. మిగతావాళ్ళు గర్వం అనుకున్నారు.

జూలైలో ఫోటోలు మనిషికొకటి చొప్పున ఫ్రేములతో వచ్చాయి. యొహన్నా మేకు పక్కన అల్తాగ్రాసియా ఇంకో మేకు కొట్టింది. అమ్మకానికి పెట్టిన ఇంటి గోడకు కన్నాలేమిటని ఇల్లమ్మే ఏజెంటు మొత్తుకున్నాడు. ఆవిడ వినలేదు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ వంటిల్లు కన్నా ముందు గోడ చూపించింది. ఇంజనీరు, టీచరు, నర్సు, ప్రొఫెసోరా. బేకరీ నుంచి వచ్చిన సూర్యకుమారి చెప్పులు విప్పుతూ, ఎవరూ చూడకుండా, ఆ నాలుగో ఫోటో వైపు ఒకసారి చూసుకునేది. ఆ కొన్ని వారాలూ ఆవిడకు పండగే అని చెప్పాలి.

ఆగస్టులో సామాను సర్దడం మొదలైంది. సూర్యకుమారి అదే ఊళ్ళో ఒక బేస్‌మెంట్ గది చూసుకుంది. కిటికీ పైన ఎక్కడో ఉంటుంది, అందులోంచి నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. గోడకు మేకులు కొట్టకూడదన్నారని అంటించే కొక్కెం ఒకటి కొని, మంచానికి ఎదురుగా అంటించి వచ్చింది. ఫోటో అక్కడ పెడదామని. పొద్దున లేవగానే కనిపిస్తుందని.

వెళ్ళేముందు రోజు హాల్లోకి వచ్చేసరికి గోడ బోసిగా ఉంది. అల్తాగ్రాసియా నేల మీద కూర్చుని ఫ్రేములను దుప్పట్లలో చుడుతోంది. రఫాయెల్, కరొలీనా, యొహన్నా. నాలుగోది కూడా అదే దుప్పటిలో, యొహన్నా మీద పడుకోబెట్టింది. అడగాలా? అది తనదే కదా. ఈ లోకంలో తను ఆ వేషంలో ఉన్నది ఆ ఒక్క ఫోటోలోనే. మెల్లగా, అది నేను తీసుకెళ్తాననుకున్నానండీ అంది.

అల్తాగ్రాసియా చెయ్యి ఆపి, నిజంగానే అర్థంకాక చూసింది.

“మీ గదికి ఎవరొస్తారు ప్రొఫెసోరా?”

ఎత్తిపొడుపు కాదు అది. ఆవిడకు ఎత్తిపొడవడం రాదు. ఈ ఫోటోలు వచ్చిపోయేవాళ్ళు చూడ్డానికి, తన గోడ ముందైతే ప్రతి ఆదివారం పదిమంది నిలబడతారు, అడుగుతారు, నేను చెబుతాను, అక్కడ మీకు మీరే చూసుకోవాలి కదా అంది. అన్నదంతా నిజం. సూర్యకుమారి ఖాళీ గోడ మీది నాలుగు మేకులను చూసింది. తర్వాత తనూ నేల మీద కూర్చుని దుప్పటి రెండో కొస అందుకుంది.

“అద్దాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో తువ్వాలు పెట్టండి” అంది.

మర్నాడు వ్యాన్ వెళ్ళిపోయింది. కౌగిలించుకుని ఏడ్చుకోవడాలు అయ్యాయి. సూర్యకుమారి బేస్‌మెంట్‌కు మారింది. బేకరీలో సూర్య, సంఘంలో ఆంటీ, బేస్‌మెంట్‌లో ఎవరూ కాదు. సాయంత్రం తలుపు తీస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. మొదటి వారం ఒకరోజు, ఎవరూ లేరు కదా అని, తనే తలుపు దగ్గర నిలబడి ‘ప్రొఫెసోరా’ అని మెల్లగా అని చూసింది. తనను తాను పిలుచుకుంటే ఆ పిలుపులో ఏమీ లేదు. మళ్ళీ ఆ పని చేయలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం వీడియో కాల్ వచ్చింది. కాల్గరీలో కొత్త ఇల్లు, హాలు నిండా జనం, గిన్నెల చప్పుడు, పిల్లల పరుగులు. అల్తాగ్రాసియా ఫోన్ పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. నాలుగు ఫోటోలూ ఉన్నాయి. ఈసారి ఆవిడ వరస మార్చింది. చదువు చెప్పినవాళ్ళు చదువుకున్నవాళ్ళ కన్నా ముందుండాలని, సూర్యకుమారిది మొదట పెట్టింది. ఎవరో ముసలాయన ఫోటో దగ్గరగా వచ్చి, ఈవిడ ఎవరని అడిగాడు. అల్తాగ్రాసియా వాళ్ళ భాషలో ఏదో గడగడా చెప్పింది. అందులో సూర్యకుమారికి ప్రొఫెసోరా ఒక్కటే తెలిసింది. ముసలాయన టోపీ తీసి, ఫోటోకే తల వంచాడు.

ఇక్కడ సూర్యకుమారి మంచం మీద వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది. ఎదురుగా గోడ మీద కొక్కెం ఒక్కటే ఉంది. ఫోన్లో తనే, గడ్డం కొంచెం పైకెత్తి, ఒక పెద్ద కుటుంబం గోడ మీద నవ్వుతోంది. ఇక ఉంటాను ప్రొఫెసోరా, అన్నం మాడిపోతోంది అంది అల్తాగ్రాసియా.

“ఉండండి” అంది సూర్యకుమారి. “ఫోన్ ఇంకాస్సేపు అలాగే పట్టుకోండి.”

అల్తాగ్రాసియా వంటింట్లో ఎవరినో పొయ్యి కట్టెయ్యమని కేకేసి, ఫోన్ అలాగే గోడకు ఎదురుగా పట్టుకుని నిలబడింది.